పాత లారీ డైనమో

రామసముద్రము మదనపల్లె, పుంగనూరులకు సమీపమున కర్ణాటక సరిహద్దు చెంతనున్న ఊరు. ఈ సీమలో పండిన వేరుసెనగ, చింతపండు, టమోటా దూరపు సంతలకు చేరుట లారీలవలననే. ఇప్పుడు తిరుగునవి కొత్త లారీలు. అయినను వెనుకటి తరమువారి బండి యొకటి ఏ చింతచెట్టు క్రిందనో, చక్రములు నేలలో దిగబడి నిలిచియుండుట మీరు చూచియుండవచ్చును. 1944లో స్థాపితమైన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారి డాడ్జి, ఫార్గో లారీలు, 1954లో జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సంస్థతో ఒప్పందము చేసికొని టెల్కో వారు నిర్మించిన లారీలు, మదరాసు చేరువనున్న ఎన్నూరులో తయారైన అశోక్ లేలండులు ఆ కాలమునకు చెందినవి.

అట్టి బండిని మరల నడిపింపగోరువారికి ఇంజను కంటె తీగెలే ఎక్కువ చిక్కు పెట్టును. ఎలుకలు కొరికినవి కొన్ని, తెగినవి కొన్ని. రంగును చూచి పోల్చుకొందమన్నచో ఎండకును నూనెకును అన్నియు మసిరంగునకే తిరిగియుండును. బెల్టుతో తిరుగు డైనమోపై తీగెలు బిగించుటకు రెండు మరలుండును. వీనికే టెర్మినలులని పేరు. ఏ తీగె దేనికి బిగింపవలెనో తెలియుటకు ముందు డైనమో లోపల జరుగు పని తెలియవలెను.

డైనమోలో తిరుగు తీగెచుట్ట ఆర్మేచరు. దాని కిరుప్రక్కల కదలక యుండు చుట్టలు ఫీల్డు. ఫీల్డనగా క్షేత్రము, అనగా పొలమే. అయస్కాంతశక్తి వ్యాపించిన చోటునకు ఇంగ్లీషువారును మనవారును పొలము పేరే పెట్టుట ముచ్చటగా నున్నది. అయస్కాంతక్షేత్రములో తీగెచుట్ట కదలినప్పుడు విద్యుత్తు పుట్టునని మైకేల్ ఫారడే 1831లో కనుగొనెను. అయితే లారీ డైనమోలో శాశ్వతమైన అయస్కాంతము లేదు. మరి తొలి విద్యుత్తు ఎట్లు పుట్టును? పాలలో తోడు వేసినట్లే. ఫీల్డు చుట్టల నడుమనున్న ఇనుములో వెనుకటి అయస్కాంతశక్తి రవంత మిగిలియుండును. ఆ రవంతవలన కొంచెము విద్యుత్తు పుట్టును. అందులో కొంత ఫీల్డునకు పోయి అయస్కాంతమును బలపరచును. దానివలన మరికొంత పుట్టును. ఈ సూత్రమును 1866, 1867 సంవత్సరములలో ఇంగ్లండులో వార్లీ, వీట్‌స్టన్, జర్మనీలో సీమెన్స్ ఇంచుమించు ఒకే కాలమున వేరువేరుగా కనుగొనిరి.

ఆర్మేచరునుండి వచ్చు టెర్మినలుపై ఇంగ్లీషు బండ్లలో డి అనియు, అమెరికా బండ్లలో ఎ అనియు, జర్మను బండ్లలో డి ప్లస్ అనియు వ్రాసియుండును. ఫీల్డు టెర్మినలుపై మొదటి రెంటిలో ఎఫ్, జర్మను బండ్లలో డిఎఫ్ అని యుండును. అక్షరములు అరిగిపోయినచో మరల లావును చూడవలెను. బ్యాటరీకి పోవు విద్యుత్తంతయు ఆర్మేచరునుండియే రావలెను గనుక సాధారణముగా దాని మర పెద్దది, తీగె లావుపాటిది. ఫీల్డునకు రెండు మూడు ఆంపియర్లు చాలును గనుక దాని మర చిన్నది. ఇంతటితో తృప్తిపడరాదు. వెనుకటి మరమ్మతులలో ఎవరో మరలు మార్చియుండవచ్చును.

అందుచేత దీపముతో పరీక్షింపవలెను. డైనమో తీగెలన్నిటిని విప్పి, ఇంజను ఆపియుంచి, బ్యాటరీ యొక కొనను డైనమో శరీరమునకును, రెండవ కొనను ముందుదీపపు బల్బు గుండా ఒక్కొక్క టెర్మినలునకును తాకింపవలెను. ఆర్మేచరు తీగె లావైనది గనుక దీపము నిండుగా వెలుగును. ఫీల్డు తీగె సన్ననిది, పొడవైనది గనుక దీపము మందముగా వెలుగును. ఇందుకు చిన్న బల్బు పనికిరాదు. అది రెండు చోట్లను ఇంచుమించు ఒకేరీతిగా వెలిగి మోసగించును.

ఇంకొక భేదము కలదు. పలువురు మెకానిక్కులు తడబడుట ఇచ్చటనే. కొన్ని డైనమోలలో ఫీల్డు రెండవ కొన లోపల శరీరమునకు కలిపియుండును. లూకాస్ వారి డైనమోలు ఇట్టివి. మరికొన్నిటిలో ఆ కొన ఆర్మేచరునకు కలిసియుండును. అమెరికా డైనమోలలో పెక్కులు ఇట్టివి. ఆర్మేచరుపై ఒరయు బ్రష్షుల క్రింద దళసరి కాగితపు ముక్కలుంచి, ఫీల్డు టెర్మినలును మరల దీపముతో పరీక్షింపవలెను. దీపము వెలిగినచో మొదటి జాతి, వెలుగనిచో రెండవ జాతి. ఒక జాతి డైనమోకు మరియొక జాతి రెగ్యులేటరు అమర్చినచో బ్యాటరీ నిండదు.

రెండు తీగెలు తారుమారైనచో నష్టము ఇంకను పెద్దది. రెగ్యులేటరులోని సన్నని మొనలు రెండు మూడు ఆంపియర్లకు మాత్రమే తగినవి. ఆర్మేచరు నుండి వచ్చు 20 ఆంపియర్లు వానిగుండా పోయినచో అవి క్షణములో కాలి అతుకుకొనును. కటౌటును తప్పించి బ్యాటరీ తీగెను తిన్నగా ఆర్మేచరునకు బిగించుట అన్నిటికంటె ప్రమాదము. కటౌటు ఇంజను ఆగినప్పుడు బ్యాటరీని డైనమోనుండి విడదీయు తలుపు వంటిది. అది లేనిచో బ్యాటరీలోని శక్తియంతయు వెనుకకు ప్రవహించి డైనమోను మోటారువలె త్రిప్పజూచును. బెల్టు పట్టియుండుటచే అది తిరుగలేదు. తీగెలు ఎఱ్ఱగా కాగును, పైతొడుగు మండును. డీజిలు తడిసిన బండికి అంతకంటె వేరు నిప్పు అక్కరలేదు. కావున తీగెలు బిగించునంతసేపు బ్యాటరీని విప్పియే యుంచవలెను.

ఏండ్లతరబడి నిలిచియున్న బండిలో తీగెలన్నియు సరిగా బిగించినను డైనమో పలుకకపోవచ్చును. ఇనుములోని తోడు ఆరిపోయినదన్నమాట. అప్పుడు మొదటి జాతి డైనమోలో ఫీల్డు తీగెను రెగ్యులేటరునుండి విప్పి, బ్యాటరీ తీగె కొనను దానికి ఒక్క క్షణము తాకించి తీసివేయవలెను. రెండవ జాతిలో రెగ్యులేటరుపైనున్న బ్యాటరీ, డైనమో టెర్మినలులను ఒక్క క్షణము కలిపి విడువవలెను. రెండింటను ఇంజను ఆగియే యుండవలెను. పిమ్మట ఫీల్డు తీగెను తిరిగి బిగించి ఇంజనును నడిపి, వేగము కొంచెము పెంచినచో, అద్దము వెనుకనున్న అమ్మీటరు ముల్లు నెమ్మదిగా కదలి ప్లస్ గుర్తువైపునకు ఒరుగును.