గొంతులో సీమ... గుండెలో నాటకం

'సీమ సంబంధమా? అమ్మో!'

కోస్తా జిల్లాల్లో పెళ్లిమాటలు నడిచే ఇళ్లలో ఈ మాట వినని వాళ్లు తక్కువ. అబ్బాయి బుద్ధిమంతుడు, ఉద్యోగం మంచిది, కుటుంబం పద్ధతైనది. అయినా 'నంద్యాల వాళ్లట', 'ఆళ్లగడ్డట' అనగానే పెద్దవాళ్ల ముఖాల్లో రంగు మారుతుంది. అలా భయపడే వాళ్లలో చాలామంది సీమ గడప తొక్కి ఎరగరు. మరి ఆ భయం ఎక్కణ్నుంచి వచ్చింది? కొంత పేపర్లోంచి, ఎక్కువ భాగం సినిమాహాల్లోంచి. తెల్లచొక్కా, మెలితిప్పిన మీసం, వరుసగా సుమోలు, వాటన్నిటికీ ముందు ఒక గొంతు. కళ్లు మూసుకుని విన్నా మీరు చప్పున పోల్చుకోగల గొంతు అది.

ఆ గొంతు జయప్రకాష్ రెడ్డిది.

2020 సెప్టెంబర్ 8న గుంటూరులో గుండెపోటుతో ఆయన కన్నుమూసినప్పుడు ప్రధానమంత్రి సైతం తెలుగులో సంతాపం ప్రకటించారు. అంతా 'గొప్ప విలన్', 'మంచి కమెడియన్' అని తలుచుకున్నారు. నిజమే. అయితే సీమ ఆడవాళ్లకు ఆయనతో ఇంకో లెక్క ఉంది. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే మాటని ఆయన వెండితెర మీదికి తీసుకెళ్లారు. ఆ మాటకు గుర్తింపు వచ్చింది, దాంతోపాటు ఒక మచ్చా వచ్చింది. ఆ రెండూ ఎలా జరిగాయో చూద్దాం.

పోలీసు ఇంట్లో పుట్టిన నటుడు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లే దారిలో వస్తుంది శిరివెళ్ల. ఒక పక్క నల్లమల కొండలు, ఒక పక్క పంట పొలాలు. అప్పట్లో కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. 1946లో జయప్రకాష్ రెడ్డి పుట్టింది ఇక్కడే. తెర మీద ఎన్నిసార్లు పెద్దింటి దొరగా, ఊరిని శాసించే రెడ్డిగా కనిపించారో లెక్కలేదు కానీ, ఆయన పుట్టింది జమీందారీ ఇంట్లో కాదు. నాన్న సాంబిరెడ్డిగారు పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్. బదిలీల ఉద్యోగం కదా! పిల్లవాడి చదువు కొంత నెల్లూరులో, కొంత అనంతపురంలో సాగింది. ఆ తర్వాత బతుకు గుంటూరులో స్థిరపడింది.

ఒకసారి ఆలోచించండి. పుట్టింది సీమలో, అక్షరాలు దిద్దింది నెల్లూరులో, నిలదొక్కుకుంది గుంటూరులో. మూడు చోట్లా తెలుగే, కానీ మూడు చోట్లా వేరు వేరు తెలుగు! నెల్లూరు మాటకు ఒక సాగుడు, గుంటూరు మాటకు ఒక దూకుడు, సీమ మాటకు ఒక బరువు. ఇలా ఊళ్లు మారి పెరిగిన పిల్లలకు చెవి చురుగ్గా తయారవుతుంది. ఎవరెలా మాట్లాడుతున్నారో ఇట్టే పట్టేస్తారు. బదిలీల ఉద్యోగస్తుల ఇళ్లలో ఇల్లాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

లెక్కల మాస్టారు

గుంటూరులో ఆయన పని బడిపంతులు పని. పిల్లలకు లెక్కలు చెప్పేవారు. సాయంత్రాలు, సెలవు రోజులు మాత్రం నాటకానివి. చిన్నప్పుడు బడిలో మొదలైన పిచ్చి అది, చివరిదాకా వదల్లేదు. నెల జీతం మీద ఇల్లు గడుస్తూ, రిహార్సళ్లకీ పరిషత్తులకీ తిరిగే మనిషి ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో నాటకాలవాళ్ల భార్యలనడిగితే చెబుతారు. పేరు ఆయనది, ఓపిక ఆవిడది!

నల్గొండలో ఆయన వేసిన ఒక నాటకాన్ని దాసరి నారాయణరావు చూశారు. ఈ మనిషిలో సరుకుందని గ్రహించి నిర్మాత రామానాయుడికి పరిచయం చేశారు. అలా 1988లో 'బ్రహ్మపుత్రుడు'తో సినిమాల్లోకి వచ్చారు. అప్పటికే నలభై దాటింది. ఇంకేముంది, దశ తిరిగిందనుకుంటాం. తిరగలేదు! చిన్నా చితకా వేషాలు వచ్చాయి గానీ జనం పేరు పెట్టి పిలిచే పాత్ర రాలేదు. సినిమాలు పక్కనపెట్టి మళ్లీ గుంటూరు చేరి పాఠాలు చెప్పుకున్న రోజులున్నాయి. ఆయనకు గుర్తింపు తెచ్చిన 'ప్రేమించుకుందాం రా' 1997లో వచ్చింది. అప్పటికి ఆయనకు యాభై నిండింది. 'ఈ వయసులో ఇంకేం చేస్తాం' అని నిట్టూర్చే వాళ్లందరూ ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకోవాలి.

యాసే ఆయుధం

'ప్రేమించుకుందాం రా'లో ఆయన హీరోయిన్ తండ్రి, సీమ ఫ్యాక్షన్ నాయకుడు. అంతకు ముందు తెలుగు సినిమాలో చాలామంది విలన్లు ఎక్కడివాళ్లైనా పుస్తక భాషే మాట్లాడేవారు. హిందీ నుంచి వచ్చిన విలన్లకైతే డబ్బింగ్ కళాకారులు తెర వెనక నుంచి గొంతు అరువిచ్చేవారు. ఈయనకు ఆ అవసరం లేదు. గొంతు సొంతం, యాస సొంతం. ఒక మాట దగ్గర ఆగడం, ఇంకో మాటను సాగదీయడం, ఉన్నట్టుండి స్వరం దించి ఎదుటివాడి గుండె జారేలా చేయడం... ఇవన్నీ మైకు లేకుండా చివరి బెంచీ దాకా వినబడేలా మాట్లాడిన స్టేజీ నటుడి విద్యలు.

ఆ తర్వాత వరుస కట్టాయి. 1999లో 'సమరసింహారెడ్డి', 2000లో 'జయం మనదేరా', 2001లో 'నరసింహనాయుడు'. 'జయం మనదేరా'కు నంది పురస్కారం అందుకున్నారు. ఫ్యాక్షన్ సినిమా అంటే ఆయన ఉండాల్సిందే అన్న రోజులు వచ్చాయి. ఆ తర్వాత అదే యాసతో నవ్వించడం మొదలుపెట్టారు. 'ఎవడిగోల వాడిది', 'రెడీ', 'కిక్' లాంటి సినిమాల్లో ఆయన కనబడగానే పిల్లలు కూడా కిలకిలలాడేవారు. తమిళ సినిమాల్లోనూ నటించారు. 2020 జనవరిలో వచ్చిన 'సరిలేరు నీకెవ్వరు'లోనూ ఆయన సీమ గొంతు వినిపించింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆయన వెళ్లిపోయారు.

అక్కడ దొర గొంతు, ఇక్కడ ఊరి గొంతు

గొంతుతో భయపెట్టి పేరు తెచ్చుకున్నవాళ్లు ఇతర దేశాల్లోనూ ఉన్నారు. ఇంగ్లండు నటుడు క్రిస్టఫర్ లీ సంగతే చూడండి. 1922లో లండన్‌లో పుట్టారు. తల్లి ఇటలీకి చెందిన ప్రభువంశపు ఆడపడుచు. 1958లో డ్రాకులాగా భయపెట్టారు, ఎనభై దగ్గర పడ్డాక 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో మాయావి సారుమాన్‌గా కొత్త తరానికి దగ్గరయ్యారు. కార్టూన్ సినిమాలకు గాత్రదానం చేశారు. 2015లో చనిపోయారు. ఆయనా జీవితమంతా ఎక్కువగా దుష్ట పాత్రలే వేశారు. కానీ ఆయన గొంతు వినగానే అక్కడివాళ్లకు గుర్తొచ్చేది హుందాతనం, పెద్దింటి ఠీవి. ఆయన విలనీ చూసి ఇంగ్లండు మాటంటే ఎవరూ జడవలేదు, పైపెచ్చు నేర్చుకోవాలని తహతహలాడారు!

మన దగ్గర కథ తిరగబడింది. జయప్రకాష్ రెడ్డి విలనీ అద్భుతంగా పండింది. పండిన కొద్దీ ఆ యాస మాట్లాడే ఊళ్లన్నీ అలాగే ఉంటాయని జనం అనుకున్నారు. తప్పు నటుడిది కాదు. ఒక ప్రాంతం మాటను ఎప్పుడూ కత్తి పట్టినవాడి నోటే పలికించి, డాక్టరు నోటా, ప్రేమించే కుర్రాడి నోటా, ఉద్యోగం చేసే అమ్మాయి నోటా పలికించని కథలది.

అమ్మ మాట కదా అది!

'బువ్వ తిన్యావా?' 'ఎప్పుడొచ్చినావు?' 'యాడికి పోతాండావు?' ఇవి బాంబుల మోత మధ్య పుట్టిన మాటలు కావు. పొయ్యి దగ్గర, బావి దగ్గర, శెనక్కాయలు ఒలుచుకుంటూ అరుగుల మీద పుట్టినవి. పండక్కి ఓళిగలు చేసేటప్పుడు, పొద్దున్నే ఉగ్గానీ బజ్జీ కలిపేటప్పుడు ఆడవాళ్ల నోట మెత్తగా పలికే మాటలు. జయప్రకాష్ రెడ్డి తెర మీద పలికిన యాసకు మూలం వీళ్ల నోళ్లే. మగవాళ్ల గొంతులో వినేసరికి జనం దాన్ని మగవాళ్ల భాష అనుకున్నారు, అంతే.

ఫ్యాక్షన్ అసలు లేదనడం అబద్ధం. ఆళ్లగడ్డ, నంద్యాల చుట్టుపక్కల ఊళ్లు ఆ పగలకు మూల్యం చెల్లించాయి. అందులో పెద్ద వాటా ఆడవాళ్లదే. బయటికెళ్లిన మగవాడు తిరిగొచ్చేదాకా గుమ్మం వైపు చూసిన కళ్లు, చిన్న వయసులో పసుపు కుంకుమలు పోగొట్టుకుని పిల్లల్ని చదివించుకున్న చేతులు... ఆ కథలు తెర మీదికి వచ్చింది చాలా తక్కువ. సినిమాలో ఆవిడ శవం మీద పడి ఏడుస్తుంది, మరుక్షణం సీను మారిపోతుంది. నిజంలో ఆవిడకు సీను మారదు కదా!

అసలు 'రాయలసీమ' అన్న పేరే నంద్యాలలో పెట్టింది. నిజాం 1800లో ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్లకు దత్తం చేశాక 'సీడెడ్ జిల్లాలు', 'దత్త మండలాలు' అనేవారు. 1928 నవంబర్‌లో నంద్యాలలో జరిగిన మహాసభలో చిలుకూరి నారాయణరావు సూచనతో 'రాయలసీమ' అయింది. ఎవరికో ఇచ్చేసిన జిల్లాలన్న పేరు వద్దు, మాకు గౌరవమైన పేరు కావాలని కోరుకున్న జనం వీళ్లు. అలాంటి ఊళ్ల నుంచి వెళ్లిన అమ్మాయిలు హైదరాబాద్ హాస్టళ్లలో, విజయవాడ కాలేజీల్లో నోరు తెరవడానికి జంకుతున్నారంటే బాధ కలగదూ? 'ఏంటే, ఫ్యాక్షనిస్టులా మాట్లాడతావ్?' అని స్నేహితురాళ్లు సరదాకి అన్నదే కావచ్చు. ఆ సరదా నెలల తరబడి సాగితే పిల్ల తన మాటను మడతపెట్టి పెట్టెలో పెట్టేస్తుంది. సెలవులకు ఇంటికొచ్చి అవ్వతో కూడా 'వచ్చావా, తిన్నావా' అంటుంది. అవ్వకది పరాయి పిల్ల మాటలా వినిపిస్తుంది.

ఒక్కడే... వేదికంతా

సినిమాల్లో ఎంత తీరిక లేకున్నా జయప్రకాష్ రెడ్డి నాటకాన్ని వదల్లేదు. 'అలెగ్జాండర్' ఆయనకు ప్రాణం. వేదిక మీద ఆయన ఒక్కరే. సుమారు గంటన్నరకు పైగా ఇంకో నటుడు కనిపించడు. పాత్ర రిటైరైన సైనికోద్యోగిది. కష్టంలో ఉన్నవాళ్లు ఫోన్ చేస్తుంటారు, ఆయన వాళ్లకు ధైర్యం చెబుతుంటాడు. భయపెట్టడానికి వాడిన గొంతుతోనే ఇక్కడ ఆయన ఓదార్చారు! సినిమా ఆ గొంతులో సగమే వాడుకుందని ఈ నాటకం చూసినవాళ్లకు తెలిసింది. వయసు మీద పడ్డాక కూడా అంత సేపు ఒంటరిగా జనాన్ని కదలకుండా కూర్చోబెట్టాలంటే మీసాలు సరిపోవు, మాటలో మనసుండాలి.

యాసకు మంచీ చెడూ ఉండవు, పలికే మనిషి మనసుకే ఉంటాయి. అదే మాట బెదిరిస్తుంది, అదే మాట బువ్వ పెడుతుంది. శిరివెళ్లలో పుట్టిన లెక్కల మాస్టారు ఒకే గొంతుతో ఆ రెండూ చేసి చూపించారు. బెదిరింపు మనకు బాగా గుర్తుంది. ఇక రెండోది గుర్తుచేసుకోవాలి.

మీ ఇంట్లో ఇలా చేసి చూడండి

* జేజి, అవ్వ మాట్లాడుతుంటే సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. ఏదైనా ప్రత్యేకంగా చెప్పమనకండి, వంట చేస్తూ మాట్లాడనివ్వండి. అసలు మాటలు అప్పుడే వస్తాయి.

* వంటింట్లో, పొలంలో, పండగల్లో వాడే మాటలు వేరువేరుగా ఒక నోటుపుస్తకంలో రాయించండి. సెలవుల్లో పిల్లలకు ఇంతకన్నా మంచి పని లేదు.

* హాస్టల్లో ఉన్న అమ్మాయితో ఫోన్లో మీ ఊరి మాటే మాట్లాడండి. 'అట్లా మాట్లాడకమ్మా, పక్కన ఫ్రెండ్సున్నారు' అంటే నవ్వి ఊరుకోండి, మాట మాత్రం మార్చకండి.

* మీది కోస్తా అయితే, మీ ఇంటికి సీమ కోడలు వస్తే, ఆమె మాటను దిద్దే ముందు ఆమె వండిన ఓళిగ ఒకటి తినండి. తర్వాత దిద్దాలనిపించదు!