బడిని జైలు చేశారు

మనకు తూర్పున, బంగాళాఖాతం దాటి ఇంకా ముందుకు పోతే కంబోడియా అనే చిన్న దేశం వస్తుంది. మనలాగే వరి పండించుకుని తినే దేశం. 1975 నుంచి 1979 దాకా ఆ దేశాన్ని పోల్‌పాట్ అనేవాడు ఏలాడు. నిండా నాలుగేళ్లు కూడా కాదు. అంతలోనే సుమారు 17 లక్షల మంది చనిపోయారు. అప్పుడు ఆ దేశం జనాభా సుమారు 80 లక్షలే.

ఇంతమందిని ఒక్కడే చంపగలడా? చంపలేడు. మరి ఎలా జరిగింది?

అంతకు ముందు అక్కడ యుద్ధం జరిగింది. అమెరికా విమానాలు పల్లెల మీద బాంబులు వేశాయి. ఇళ్లు కాలిపోయిన రైతుల పిల్లలు కోపంతో పోల్‌పాట్ దండులో చేరారు. అందరూ సమానం అంటే నమ్మారు. వాళ్లను తప్పు పట్టగలమా?

1975 ఏప్రిల్ 17న ఆ దండు రాజధాని నాంపెన్‌లోకి వచ్చింది. బాంబులు పడతాయి, రెండు మూడు రోజులు ఊరు వదలండి అని చెప్పి జనాన్ని తరిమారు. ఆసుపత్రిలో రోగుల్ని కూడా లేపి పంపారు. మళ్లీ రానివ్వలేదు. అందరినీ పొలాల్లో చాకిరీకి పెట్టారు. డబ్బు రద్దు చేశారు. గుడులు, బడులు మూశారు.

హెక్టారుకు 3 టన్నుల ధాన్యం పండాలని పైనుంచి హుకుం వచ్చింది. అంటే ఎకరానికి 12 క్వింటాళ్లు. అంత పండలేదు. పండలేదని చెబితే ప్రాణం పోతుంది. అందుకని కింది నాయకులు పండినట్టే లెక్క రాసి పంపారు. ఆ లెక్క ప్రకారం వడ్లు తోలుకుపోయారు. పండించినవాళ్లకు గంజినీళ్లే మిగిలాయి. కొట్టి చంపినవాళ్లు ఎందరో, ఆకలితో, జబ్బులతో పోయినవాళ్లూ అందరు.

చదువుకున్నవాళ్ల మీద మరీ పగ. పంతుళ్లను, డాక్టర్లను ఏరి చంపారు. కళ్లజోడు ఉన్నా అనుమానమే. చదువు వచ్చినవాళ్లు రానట్టు నటించి బతికారు. పోల్‌పాట్ మాత్రం ఒకప్పుడు పాఠాలు చెప్పినవాడే! ఇది నాకు ఎంతకీ మింగుడు పడదు.

నాంపెన్‌లో ఒక హైస్కూలును జైలు చేశారు. దాని పెద్ద డూచ్, మునుపు లెక్కల మాస్టారు. కాపలావాళ్లలో చాలామంది మీసాలు రాని పల్లె పిల్లలు. 12 వేల మందికి పైగా అక్కడికి వచ్చారు. బతికి బయటపడినవాళ్లు కొద్దిమందే. కొన్నాళ్లకు కాపలా పిల్లల్నే అనుమానించి, వాళ్లలో కూడా చాలామందిని చంపారు.

1979 జనవరిలో వియత్నాం సైన్యం వచ్చింది. పోల్‌పాట్ అడవికి పారిపోయి, 1998లో చనిపోయాడు. డూచ్‌కు 2012లో యావజ్జీవ శిక్ష పడింది.

జైలుకు వచ్చిన ప్రతివాళ్లకూ ఫోటో తీసేవారు. ఇప్పుడు ఆ బడి మ్యూజియం. ఆ ఫోటోలు గోడల మీద ఉన్నాయి. తప్పిపోయిన తమవాళ్ల ముఖం కోసం జనం వాటిలో వెతుక్కున్నారు.