నగరపు రైలు – పల్లె ప్రయాణికుడు

హైదరాబాదు నగరములో మెట్రో రైలును ఏ దిక్కునకు, ఎంత దూరము పొడిగింపవలెను, దానిని ఎవరు నడుపవలెను అను చర్చ కొన్ని సంవత్సరములుగా సాగుచున్నది. ఇది నగరవాసుల వ్యవహారమేనని, రామారెడ్డి, కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల వారికి దీనితో పనిలేదని కొందరు తలంచుట కద్దు. కాని చదువులకు, వైద్యమునకు, కోర్టు పనులకు, కూలినాలికి ఈ ప్రాంతము నుండి నగరమునకు పోవువారు ఎందరో కలరు. నగరపు పొలిమేర చేరుటతో వారి ప్రయాణము ముగియదు. అందులోని కష్టమైన భాగము అచ్చటనే మొదలగును. కావున ఈ చర్చను మన వైపు నుండి కూడ ఒకమారు పరిశీలింతము.

మొదట ఇంతవరకు జరిగినదేమో చూతము. మెట్రో నిర్మాణమునకు 2010 సెప్టెంబరులో ప్రభుత్వమునకును, లార్సెన్ అండ్ టూబ్రో సంస్థకును ఒప్పందము కుదిరినది. 2017 నవంబరు 28వ తేదీన మియాపూరు నుండి నాగోలు వరకు 30 కిలోమీటర్ల మార్గము ప్రారంభమైనది. తరువాత ఒక్కొక్క భాగము చేరుచు, 2020 ఫిబ్రవరి 7 నాటికి మూడు మార్గములు, 57 స్టేషనులు, సుమారు 69 కిలోమీటర్లు ఏర్పడినవి. మొదటి మార్గము మియాపూరు నుండి లాల్‌బహదూర్ నగరమునకు, రెండవది నాగోలు నుండి రాయదుర్గమునకు, మూడవది జూబ్లీ బస్ స్టేషను నుండి మహాత్మాగాంధీ బస్ స్టేషనుకు పోవును. ఈ మూడవ మార్గము ఫలక్‌నుమా వరకు సాగవలసి యుండగా, పాతబస్తీ భాగము మొదటి దశలో నిర్మాణము కాలేదు.

మనకు మిక్కిలి అక్కరకు వచ్చునది ఈ మూడవ మార్గమే. కామారెడ్డి నుండి పోవు బస్సులు మేడ్చల్, కొంపల్లి మీదుగా జూబ్లీ బస్ స్టేషను చేరును. అచ్చట మెట్రో ఎక్కినవారికి సికిందరాబాదు వెస్ట్ దాటగానే గాంధీ ఆసుపత్రి స్టేషను వచ్చును. అదే నిమ్స్ ఆసుపత్రికి పోవలెనన్న పరేడ్ గ్రౌండు వద్ద రాయదుర్గము వైపు రైలెక్కి, అమీర్‌పేట వద్ద రైలు మారి పంజగుట్టలో దిగవలెను. రోగిని వెంటబెట్టుకొని మొదటిసారి నగరమునకు వచ్చినవారికి మార్గము ఎంత పొడవున్నదను దానికంటె, ఎన్నిమార్లు మారవలెను, ఎన్నిమార్లు టిక్కెట్టు కొనవలెను అనునదే ముఖ్యము.

ఇక ఖర్చు విషయము. స్తంభములపై పట్టాలు వేసి, స్టేషనులు కట్టి, బండ్లు కొని, విద్యుత్తుతో నడుపు పద్ధతి ఇది. బండి నిండినను, నిండకున్నను అప్పుపై వడ్డీ తప్పదు. టిక్కెట్ల రాబడితోనే ఈ భారమంతయు తీరుట కష్టము. అందుచేతనే హాంకాంగు నగరములో రైలు సంస్థకు స్టేషనుల చుట్టునున్న స్థలములపై కట్టడముల హక్కులిచ్చి, ఆ లాభముతో రైలును పోషించిరి. హైదరాబాదులోను స్టేషనుల వద్ద వాణిజ్య భవనముల హక్కులు సంస్థకు ఈయబడినవి. కాని 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా ఆగిన రైళ్లు సెప్టెంబరు వరకు తిరుగలేదు. అటుపిమ్మట నష్టములు పేరుకొన్నవి. 2025 మే నెలలో ఛార్జీలు పెంచి, వెంటనే కొంత తగ్గింపగా, కనిష్ఠము 11 రూపాయలుగను, గరిష్ఠము 69 రూపాయలుగను నిలిచినవి. అదే సంవత్సరము సెప్టెంబరులో సంస్థ తప్పుకొనుటకును, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా మొదటి దశను రాష్ట్ర ప్రభుత్వము తీసికొనుటకును అంగీకారము కుదిరినది.

ఇట్లుండగా విస్తరణ ప్రణాళికలు కూడ సిద్ధమైనవి. విమానాశ్రయ మార్గమునే తీసికొందము. 2022 డిసెంబరులో రాయదుర్గము నుండి 31 కిలోమీటర్ల మార్గమునకు శంకుస్థాపన జరిగినది. మరుసటి సంవత్సరము ప్రభుత్వము మారిన పిమ్మట, అది జనసమ్మర్దము లేని చోటుల గుండ పోవుచున్నదని విడిచి, నాగోలు, లాల్‌బహదూర్ నగర్, చాంద్రాయణగుట్టల మీదుగా పోవు మార్గమును ఎన్నుకొనిరి. పాతబస్తీ, పటాన్‌చెరు, కోకాపేట, హయత్‌నగర్ మార్గములను దీనితో చేర్చి, 76.4 కిలోమీటర్ల రెండవ దశను 24,269 కోట్ల అంచనాతో 2024 నవంబరులో కేంద్రమునకు పంపిరి. 2025లో దానికి మరి 86.1 కిలోమీటర్లు జతపరచిరి. అందు జూబ్లీ బస్ స్టేషను నుండి మేడ్చల్ వరకు 24.5 కిలోమీటర్ల మార్గము ఒకటి. దాని అంచనా 6,946 కోట్లు. అనగా ఒక్కొక్క కిలోమీటరునకు సుమారు 283 కోట్లు.

ఇచ్చట రెండు పక్షములు కలవు. మార్గము ముందు వేసినచో నగరము దాని వెంట సక్రమముగా పెరుగునని, ఆలస్యమైన కొలది భూమి ధర, ఖర్చు పెరుగునని ఒక పక్షము. ఉన్న రైళ్లలోనే కాలు మోప చోటు లేనప్పుడు, మూడు పెట్టెల బండ్లకు మరికొన్ని పెట్టెలు తగిలించుట ముందు పని యని రెండవ పక్షము. స్టేషనుల వేదికలు ఆరు పెట్టెల బండి నిలుచునట్లే కట్టబడినవి గనుక రెండవ వాదమును త్రోసివేయ వీలులేదు.

మేడ్చల్ విషయమున మరియొక ప్రశ్న కలదు. కామారెడ్డి మీదుగా సికిందరాబాదు పోవు పాత రైలు మార్గము మేడ్చల్, బొల్లారముల గుండనే సాగుచున్నది. 2003లో నగరమున మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ వరకు వచ్చినవి. రైలు మార్గము ఉండగా మెట్రో ఎందుకని అడుగవచ్చును. కొంపల్లి, సుచిత్ర ప్రాంతముల జనము జాతీయ రహదారి వెంట నున్నారు గనుక మెట్రోకు అవసరము లేకపోలేదు. కాని అది కట్టి ముగించుటకు ఏండ్లు పట్టును. ఉన్న పట్టాలపై రైళ్లను తరచుగా, వేళ తప్పక నడుపుట అంతకంటె తక్కువ ఖర్చుతో, త్వరగా జరుగగల పని.

మనము జాగ్రత్తపడవలసిన విషయము ఇంకొకటి యున్నది. 2023 డిసెంబరు 9 నుండి రాష్ట్రమున స్త్రీలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచితముగా ప్రయాణించుచున్నారు. కామారెడ్డి నుండి ఎక్స్‌ప్రెస్‌లో జూబ్లీ బస్ స్టేషను వరకు చేరుటకు స్త్రీకి ఛార్జీ లేదు. అచ్చట నుండి రెండు స్టేషనుల దూరమునకు మెట్రోలో పైకము చెల్లింపవలెను. రేపు మెట్రో మేడ్చల్ చేరిన పిమ్మట, రద్దీ తగ్గించు నెపమున జిల్లా బస్సులను అచ్చటనే ఆపివేసినచో ఏమగును? నేడు ఉచితమైన ఇరువదినాలుగు కిలోమీటర్లకు ఆమె ఛార్జీ ఇచ్చుకొనవలసి వచ్చును. నగరమునకు మేలని తలపెట్టిన విస్తరణ పల్లెకు భారమగును.

దీనికి విరుగుడు క్రొత్తది కాదు. ఈ గడ్డపై 1932లో 27 బస్సులతో ప్రభుత్వ బస్సులను మొదలుపెట్టినది నిజాం రాష్ట్ర రైల్వేయే. రైలును బస్సును ఒకే సంస్థ చూచుకొనెను. 1951లో బస్సులు రైల్వే నుండి విడివడినవి. లండను నగరము 1933లో బస్సులను, ట్రాములను, భూగర్భ రైళ్లను ఒకే మండలి క్రిందికి తెచ్చినది. సింగపూరులో బస్సు దిగి రైలెక్కినను మొత్తము దూరమును బట్టియే ఛార్జీ లెక్కింతురు. మన దేశపు 2017 మెట్రో విధానము కూడ నగర రవాణా అంతటికి ఒక ఏకీకృత సంస్థ ఉండవలెనని చెప్పుచున్నది.

కావున మా అభిప్రాయము ఇది. ఉన్న బండ్లకు పెట్టెలు పెంచుట, మేడ్చల్ రైళ్లను క్రమబద్ధము చేయుట, బస్సుకు, ఎం.ఎం.టి.ఎస్.కు, మెట్రోకు ఒకే టిక్కెట్టు ఏర్పరచుట ముందుగా జరుగవలెను. మేడ్చల్ మెట్రో తప్పక రావలెను; కాని జిల్లా బస్సు నగరములోనికి పోవు హక్కును కోల్పోరాదు, లేదా ఆ బస్సు టిక్కెట్టే మెట్రోలోను చెల్లవలెను. మెట్రో ప్రభుత్వపరమగు నాడు అప్పులో రామారెడ్డి రైతు పన్నుకు కూడ పాలు చేరును. ఖర్చులో పాలున్నవానికి ప్రయాణములోను పాలుండుట న్యాయము.