బరువు, నడుము కొలత

స్త్రీల బరువుకు రెండు వైపులా ప్రమాదం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 30.1 శాతం అధిక బరువుతో, 18.8 శాతం తక్కువ బరువుతో ఉన్నారు. నాగర్‌కర్నూల్, వనపర్తి చేలల్లో రోజంతా వంగి పనిచేసే కూలీకి, గద్వాలలో గుంత మగ్గం ముందు గంటలకొద్దీ కూర్చునే నేత స్త్రీకి తిండి లెక్క ఒకటి కాదు. బక్కచిక్కిన మనిషికి బరువు తగ్గమని చెప్పడం హానే.

కిలోల బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్య భారతీయులకు 18.5 పైన, 23 లోపు ఉండాలి. ముట్లుడిగాక కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది కనుక నడుమునూ కొలవాలి. అది 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. పాలమూరు జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర మంచి తిండి. పళ్లెంలో తెల్లన్నం తగ్గి ఇవి పెరగాలి.