పస్తు మిగిల్చిన అన్నము

ఉపవాసము లేని మతము అరుదు. ఏకాదశినాడు పస్తుండు గృహిణి, రంజాను మాసమున పగలెల్ల నీరైనను ముట్టని ముస్లిము, ఈస్టరునకు ముందటి నలువది దినములు భోజనము తగ్గించుకొను క్రైస్తవుడు - వీరందరును ఆకలిని కోరి తెచ్చుకొనువారే. కాని లోకములో కోరకయే ఆకలి పాలైనవారు అసంఖ్యాకులు. ఈ రెండు ఆకళ్లకును సంబంధమేమి? ఈ ప్రశ్నకు క్రైస్తవ సంప్రదాయము చెప్పిన సమాధానము మిక్కిలి ప్రాచీనమైనది.

ఆ నలువది దినములను తెలుగు క్రైస్తవులలో కొందరు శ్రమదినములనియు, కొందరు తపస్సు కాలమనియు వ్యవహరింతురు. పాశ్చాత్య సంప్రదాయమున ఇవి భస్మ బుధవారముతో మొదలగును. ఆదివారములు లెక్కలోనికి రావు. ప్రార్థన, ఉపవాసము, దానము - ఈ మూడును ఆ కాలపు విధులు. మూడవది లేనిచో రెండవది నిష్ఫలమని పెద్దలు ఆదినుండియు బోధించిరి. రెండవ శతాబ్దమున రోము నగరమున పుట్టిన 'హెర్మాసు కాపరి' అను గ్రంథము ఈ విషయమున ఎట్టి సందేహమునకును తావీయలేదు. ఉపవాసము చేయువాడు తాను మానుకొన్న భోజనము వెల యెంతయో లెక్క కట్టవలెను. ఆ మొత్తమును వితంతువునకో, అనాథకో, లేమిలోనున్న మరియొకనికో ఈయవలెను. అనగా భక్తుని కడుపు మాడినంత మాత్రమున ఉపవాసము పూర్తి కాదు. వేరొకని కడుపు నిండవలెను.

పదునెనిమిది శతాబ్దముల తరువాత ఈ ప్రాచీనమైన లెక్కను ఒక దేశములోని క్రైస్తవులు పెద్దయెత్తున వేసి చూచిరి. ఆ దేశము జర్మనీ. ఆకలి యన నెట్టిదో వారు స్వయముగా ఎరిగినవారే. రెండవ ప్రపంచయుద్ధమున వారి నగరములు నేలమట్టమైనవి. 1946-47 నాటి శీతకాలము అతిక్రూరముగా నుండెను. తినుటకు తగినంత తిండి లేదు. పొయ్యిలోనికి బొగ్గు లేదు. కొలోను నగరవాసులు రైలుబండ్లమీది బొగ్గును దొంగిలించి చలి కాచుకొనుచుండిరి. 1946 డిసెంబరు 31వ తేదీన ఆ నగరపు ఆర్చిబిషప్పు, కార్డినలు యోసెఫ్ ఫ్రింగ్స్, ప్రసంగించుచు, పని చేసిగాని అడిగిగాని పొందజాలనప్పుడు ప్రాణమును, ఆరోగ్యమును కాపాడుకొనుటకు కావలసినంత తీసికొనుట దోషము కాదనెను. అవసరమును మించి తీసికొన్నవారు దానిని మరల ఇచ్చివేయవలెనని హెచ్చరించెను కూడ. ప్రజలు ఆ హెచ్చరికను మరచి మొదటి మాటనే గట్టిగా పట్టుకొనిరి. బొగ్గు దొంగిలించుటకు 'ఫ్రింగ్సు చేయుట' అని పేరు పెట్టిరి. ఆ మాట జర్మను భాషలో నిలిచిపోయినది.

పండ్రెండేండ్లు గడచునప్పటికి పశ్చిమ జర్మనీ తేరుకొని సంపన్నదేశమయ్యెను. 1958 ఆగస్టులో ఫుల్డా పట్టణమున సమావేశమైన కతోలిక బిషప్పుల యెదుట అదే ఫ్రింగ్స్ ఒక ప్రతిపాదన చేసెను. రాబోవు తపస్సు కాలమున విశ్వాసులు తమ భోజనములో తగ్గించుకొన్న భాగమును ధనరూపమున లోకములోని ఆకలిని, రోగమును ఎదుర్కొనుటకు ఈయవలెను. ఈ ప్రయత్నమునకు మిసెరెయోర్ అని పేరు పెట్టిరి. జాలిపడుచున్నానని ఆ లాటిను మాటకు అర్థము. మూడు దినములుగా ఆహారము లేక తన వెంటనున్న జనసమూహమును చూచి యేసు పలికిన మాట యది.

ఫ్రింగ్స్ ప్రతిపాదనలో రెండు విశేషములు కలవు. సహాయము పొందువాని మతమేదియని అడుగరాదు; మతప్రచారమునకు ఆ ధనమును వినియోగింపరాదు. అంతేకాక, ధనమిచ్చి ఊరకుండరాదు. పేదల పక్షమున అధికారమందున్నవారి మనస్సాక్షిని తట్టి లేపవలెను. 1959లో మొదటిసారి విరాళములు సేకరించిరి. ఒక్కసారికే యని తలపెట్టిన ఆ పని, ప్రజల ఆదరణ వలన స్థిరమైన సంస్థగా మారెను. దాని కేంద్రము ఆఖెన్ నగరమున కలదు. నేటికిని తపస్సు కాలపు అయిదవ ఆదివారమున జర్మనీలోని కతోలిక దేవాలయములలో ఆ కానుకను పోగుచేయుదురు.

మధ్యయుగమున ఈ దినములలో బలిపీఠము కనబడకుండ ఒక తెర కట్టెడివారు. దానిని 'ఆకలి వస్త్రము' అనిరి. కంటికి కూడ ఉపవాసమన్నమాట. 1976లో మిసెరెయోర్ ఆ ఆచారమును పునరుద్ధరించెను. ఆ మొదటి వస్త్రమునకు చిత్రము వ్రాసినవాడు భారతీయుడు జ్యోతి సాహి. పూర్వము దాచుటకై కట్టిన తెర, దూరదేశముల ప్రజల జీవితమును కనులయెదుట నిలుపు పటముగా మారెను.

ఏడాదికొకమారు ఇచ్చు కానుకతో దారిద్ర్యము తీరునా యని ఎవరైన అడుగవచ్చును. తీరదు. ఆ సంగతి నెరిగియే ఫ్రింగ్స్ అధికారుల మనస్సాక్షి మాట ఎత్తినది. అయినను, ఒకపూట అన్నము మానిన మనుజునకు ఆకలియనునది వార్తగా గాక అనుభవముగా తెలియును. ఆ అనుభవము వెంబడి ఇచ్చిన రూపాయికిని, ఊరక విసరివేసిన రూపాయికిని భేదము కలదు. హెర్మాసు గ్రంథము చెప్పిన లెక్క పాఠశాల బాలుడు కూడ వేయగలిగినదే. తాను మానిన చిరుతిండి వెల యెంత? ఆ పైకముతో ఆకలి తీరవలసినవాడు తన తరగతిలోనే ఎవడైన నున్నాడా? ఈ రెండవ ప్రశ్నకు సమాధానము వెదకుటయే అసలైన ఉపవాసము.