పిసరంత తేడా.. ఉన్నట్టా? లేనట్టా?

* 0.999... అంటే ఒకటేనా?
* సున్నా కాని అతి చిన్న సంఖ్య కోసం మూడొందల ఏళ్ల వాదం

1ని 3తో భాగిస్తే 0.333... వస్తుంది. దాన్ని మూడింతలు చేస్తే 0.999... అవుతుంది. మూడో వంతును మూడుసార్లు కలిపితే నిండుగా 1 రావాలి కదా! మరి మిగిలిన ఆ పిసరంత ఎటు పోయినట్టు? బళ్లారిలో కన్నడంలో చదివే పిల్లాడికైనా, హోసూరులో తమిళంలో చదివే అమ్మాయికైనా, బరంపురంలో ఒడియాలో చదివే విద్యార్థికైనా లెక్కల క్లాసులో వచ్చే సందేహమే ఇది. ‘రెండూ ఒకటే, రాసుకోండి’ అంటే పరీక్ష గట్టెక్కుతుందేమో కానీ సందేహం తీరదు. ఇలాంటి పిసరంత తేడాల దగ్గరే పెద్ద పెద్ద గణితవేత్తలు తలలు పట్టుకున్నారు.

బొట్టు.. బిందె

సున్నా కన్నా పెద్దది, కానీ పదో వంతు, వందో వంతు, కోటో వంతు.. ఏది చెప్పినా దానికన్నా చిన్నది. అలాంటి సంఖ్యను అనంత సూక్ష్మరాశి అంటారు. మనం ‘పిసరు’ అనుకుందాం. బడిలో నేర్పే వాస్తవ సంఖ్యల్లో దీనికి చోటు లేదు. నీటిబొట్టు ఎంత చిన్నదైనా ఒక్కొక్కటే వేస్తూ పోతే ఎప్పటికో ఒకప్పటికి బిందె నిండాల్సిందే. ఆర్కిమెడిస్ పేరుతో ఉన్న నియమం ఇదే. పిసర్లను మాత్రం లక్ష వేసినా, కోటి వేసినా బిందె నిండదు. 1కీ 0.999...కీ తేడా ఉందంటే అది పిసరే అయ్యుండాలి. వాస్తవ సంఖ్యల్లో పిసరే లేదు కాబట్టి తేడా సున్నా!

సున్నానా? కాదా?

అసలు పిసరుతో పనిపడింది క్షణక్షణం మారే వేగాలను లెక్కగట్టడానికి. 1150లో ‘సిద్ధాంత శిరోమణి’ రాసిన భాస్కరాచార్యుడు గ్రహం రోజు మొత్తం మీద నడిచే నడకనీ, ఆ క్షణపు నడకనీ విడదీసి, రెండోదాన్ని తాత్కాలిక గతి అన్నాడు. 17వ శతాబ్దంలో యూరప్‌లో న్యూటన్, లీబ్నిజ్ ఎవరికి వారే కలనగణితాన్ని నిర్మించారు.

వాళ్ల పద్ధతి ఇలా ఉంటుంది. చదరం భుజం 3 అయితే వైశాల్యం 9. భుజాన్ని పిసరంత పెంచితే వైశాల్యం 6 పిసర్లు, ఇంకో పిసరు వర్గం మేర పెరుగుతుంది. దాన్ని పిసరుతో భాగిస్తే 6, ఒక పిసరు. ఆ పిసరును వదిలేసి జవాబు 6 అంటారు. 1734లో బిషప్ జార్జ్ బర్క్‌లీ ఇక్కడే పట్టుకున్నాడు. భాగించేటప్పుడు సున్నా కాదని, చివర్లో సున్నా అని పారేస్తే ఎలా అని నిలదీశాడు. వీటిని దయ్యాలతో పోల్చి ఎద్దేవా చేశాడు. 19వ శతాబ్దంలో కోషీ, వైయర్‌స్ట్రాస్ ‘అవధి’ భావనతో కలనగణితానికి గట్టి పునాది వేశారు. జవాబులు నిలిచాయి, పిసరు మాత్రం పాఠ్యపుస్తకం నుంచి వెళ్లిపోయింది.

మళ్లీ వచ్చింది

1960 దశకంలో అబ్రహాం రాబిన్సన్ దాన్ని వెనక్కి తెచ్చాడు. ఆయన హైపర్‌రియల్ సంఖ్యల్లో పిసర్లున్నాయి. వాటిని తిరగేస్తే అనంతమైన సంఖ్యలూ వస్తాయి. ఇక్కడ పిసరును సున్నా అనక్కర్లేదు, జవాబుకు అతి దగ్గరి వాస్తవ సంఖ్య 6 అంటే చాలు. బర్క్‌లీ ప్రశ్నకు సమాధానం దొరికినట్టే. అయితే అన్ని స్థానాల్లోనూ 9 ఉంటే ఇక్కడా 1కి సమానమే. అనంతమైన ఏదో ఒక స్థానం దగ్గర ఆపితేనే పిసరంత తేడా మిగులుతుంది.

1873లో క్లిఫర్డ్ తెచ్చిన డ్యుయల్ సంఖ్యలది మరో దారి. అక్కడ పిసరు సున్నా కాదు కానీ దాని వర్గం సున్నా! పిసరుతో భాగించడం కుదరదు, ఆ అవసరమూ లేదు. పెరుగుదలలో పిసరు పక్కనున్న 6నే తీసుకుంటారు. కంప్యూటర్లతో అవకలనాలు కట్టించడానికి ఇవి పనికొస్తున్నాయి.

రేపు మీ ఇంట్లో పిల్లలు ‘ఆ పిసరంత ఏమైంది?’ అని అడిగితే కసురుకోకండి. ‘ఏ సంఖ్యల్లో అడుగుతున్నావు?’ అని తిరిగి అడగండి. అసలు లెక్క అక్కడే మొదలవుతుంది.