టీవీ లోపలి ఆనకట్ట

వేలూరు జిల్లాలో అణైకట్ అనే ఊరుంది. తమిళంలో ఆ మాటకు అర్థం మన ఆనకట్టే. ఇంగ్లీషు ఇంజినీర్లు దాన్నే ‘అనికట్’ అని తమ భాషలో కలుపుకున్నారు. ఉరవడిగా వచ్చే నీటిని నిలబెట్టి కాలువలకు నిదానంగా అందించడం ఆనకట్ట పని. అలాంటి పనే చేసే వస్తువు మన గోడ మీది టీవీలోనూ ఉంది. రిమోట్ ఎంత నొక్కినా ఎర్రదీపం కూడా వెలగకపోతే ‘టీవీ పోయింది’ అంటాం. చాలాసార్లు పోయింది టీవీ కాదు, ఆ చిన్న ఆనకట్ట ఎండిపోయింది. మెకానిక్కులు దాన్ని కండెన్సర్ అంటారు, పుస్తకాలు కెపాసిటర్ అంటాయి.

అది ఉండే చోటు పవర్ బోర్డు. ఆ బోర్డు పుట్టుక తెలిస్తేనే దాని జబ్బు తెలుస్తుంది. పాతకాలపు రేడియోల్లో ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. మన కరెంటు సెకనుకు 50 సార్లే ఊగుతుంది. ఊపు నెమ్మదైనకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇనుము ఎక్కువ కావాలి, అందుకే అంత బరువు. అదే కరెంటును సెకనుకు వేల సార్లు తెంచి కలిపితే, గుడియాత్తంలో తయారయ్యే అగ్గిపెట్టె సైజుకు కాస్త అటూ ఇటుగా ఉన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్ చాలు. వేగంగా తెంచి కలిపే ట్రాన్సిస్టర్లు 1970లలో చవకవడంతో ఈ ఆలోచన ఇళ్లలోకి వచ్చింది. 1977 నాటి ఆపిల్ 2 కంప్యూటర్‌కు ఫ్యాను అక్కర్లేని ఇలాంటి పవర్ సప్లైని రాడ్ హోల్ట్ అనే ఇంజినీరు రూపొందించాడు. దీనికే ఎస్.ఎం.పి.ఎస్. అని పేరు.

ఇక టీవీల సంగతికి వస్తే, మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. 1982లో దేశానికి రంగుల ప్రసారాలు వచ్చాయి. 2006లో తమిళనాడు ప్రభుత్వం ఇంటింటికీ ఉచితంగా కలర్ టీవీలు పంచడం మొదలుపెట్టింది. తర్వాత పెట్టెలాంటి టీవీ పలకలా మారింది. పవర్ బోర్డు అంత పలచన కాకపోతే ఆ పలక గోడకెక్కేది కాదు.

గోడ ప్లగ్గులోని 230 వోల్టులు ముందు ఫ్యూజు దాటి బ్రిడ్జి రెక్టిఫయర్‌కు చేరతాయి. అక్కడ కరెంటు ఒకే దిక్కుకు మళ్లుతుంది, కానీ సెకనుకు 100 అలలుగా వస్తుంది. ఆ అలలను నిలిపేదే పెద్ద ఫిల్టర్ కండెన్సర్. దాని మీద సుమారు 325 వోల్టులు నిలుస్తాయి. దాన్ని మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ తెంచి కలుపుతుంటే ట్రాన్స్‌ఫార్మర్ అవతల 5, 12 వంటి చిన్న వోల్టేజీలు పుడతాయి. అక్కడ మళ్లీ చిన్న కండెన్సర్లు. వోల్టేజీ ఎక్కువైందో తక్కువైందో ఇవతలికి చెప్పేది ఆప్టోకప్లర్. తీగతో కాదు, వెలుగుతో కబురు పంపుతుంది.

ఇలాంటి కండెన్సర్‌కు 1896లో పేటెంటు కోరినవాడు కరోల్ పోలాక్. అల్యూమినియం రేకుల మధ్య ద్రవంలో తడిపిన కాగితం చుట్టి డబ్బాలో బిగిస్తారు. ఆ తడే దాని ప్రాణం, వేడి దాని శత్రువు. 10 డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలని రాసిన కండెన్సర్ 65 డిగ్రీల దగ్గర 32,000 గంటల దాకా రావచ్చు. వేలూరు కత్తిరి ఎండల్లో, గాలాడని మూలన, రాత్రీ పగలూ స్టాండ్‌బైలో ఉంచిన టీవీలో ఆ తడి ఎన్నాళ్లుంటుంది?

మంచి మెకానిక్ ముందు ప్లగ్గు తీస్తాడు. పెద్ద కండెన్సర్‌లో మిగిలిన కరెంటును రెసిస్టర్‌తో దించేస్తాడు, ఎందుకంటే అది ప్రాణం తీయగలదు. తల ఉబ్బిన కండెన్సర్ ఉందేమో, సోల్డర్ పగిలిందేమో కంటితో వెతుకుతాడు. ఫ్యూజు పోయి ఉంటే వెంటనే కొత్తది వేయడు. బ్రిడ్జి, మాస్‌ఫెట్ షార్టయ్యాయా అని చూస్తాడు. తర్వాత టీవీకి వరసలో ఒక బల్బు (సిరీస్ బల్బు) పెట్టి కరెంటిస్తాడు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఇంకా ఉన్నట్టే. 325 వోల్టులు ఉండి 5 వోల్టులు రాకపోతే, మాస్‌ఫెట్‌ను నడిపే ఐసీనీ దాని పక్కనున్న చిన్న కండెన్సర్‌నూ అనుమానిస్తాడు. లోడు లేనప్పుడు మీటరు 12 వోల్టులు చూపించి, మెయిన్ బోర్డు తగిలించగానే పడిపోతే ఎండిన కండెన్సర్ పనే కావచ్చు. మాట వినిపించి బొమ్మ కనిపించకపోతే తెర మీద టార్చి వేస్తాడు. బొమ్మ లీలగా కనిపిస్తే పోయింది బ్యాక్‌లైటు.

కొత్త కండెన్సర్‌కు అదే మైక్రోఫారడ్ విలువ, పాతదానికి తగ్గని వోల్టేజీ, 105 డిగ్రీల రకం కావాలి. ఇంత చిన్న భాగం కోసం తెర, గాజు, రాగి, సీసం అన్నింటినీ చెత్తకుప్పకు చేర్చడం తప్పు. వాటిలోని విషాలు చివరికి మన నేలలోకి, నీటిలోకే చేరతాయి. మరమ్మతు హక్కు కోసం కేంద్రం 2022 డిసెంబరు 24న ఒక పోర్టల్ ప్రారంభించింది. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, మనం అడగాలి. మీ టీవీ ఆగిపోతే మూత మీరు విప్పకండి, లోపల ప్రమాదం ఉంది. కానీ కొత్తది కొనేముందు, పని తెలిసిన మెకానిక్ చేత ఒక్కసారి ఆ పవర్ బోర్డు చూపించండి.